సారు చేతిలో మారని ఊదారంగు

మాది పుత్తూరు. ఎముక విరిగితే ఎక్కడెక్కడి వాళ్ళో కట్టు కట్టించుకోవడానికి మా ఊరికి వస్తారు. అలాంటి ఊళ్ళో పుట్టి, చిన్నప్పుడు నా చెయ్యి విరిగితే ముందు ఎక్సరే తీయించమని నడివీధిలో గోల పెట్టినదాన్ని నేను. దయ్యం, గాలి, దిష్టి లాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. మా మేనత్తకు పూనకం వస్తే ఇంట్లో అందరూ దండాలు పెట్టేవాళ్ళు. నేను మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసేదాన్ని.

ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడం లేదు. పట్టపగలు, ట్యూబులైట్ల కింద, నలుగురి మధ్య నా కళ్ళతో చూసింది చెబుతున్నాను. ఎవరైనా దీనికి కారణం చెప్పగలిగితే సంతోషిస్తాను. అయినా ఎంత సంతోషిస్తానో నాకే అనుమానం.

నేను తిరుపతిలో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాను. మందు మొక్కల మీద పని. ఆ పనేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆకును నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తాం. ఆ సారానికి యాంటీ ఆక్సిడెంట్ గుణం ఎంత ఉందో చూడటానికి డీపీపీహెచ్ అని ఒక రసాయనం ఉంటుంది, ల్యాబులో మందు అనే అంటాం. అది కరిగిస్తే ముదురు ఊదారంగు వస్తుంది. అల్లనేరేడు పళ్ళు తిన్న నాలుక ఎలా ఉంటుందో అలా. గాజు ట్యూబులో దానికి సారం కలిపి ఓ అరగంట చీకట్లో, అంటే మా ల్యాబులో చెక్క బీరువాలో పెడతాం. సారంలో సత్తా ఉంటే ఊదా పోయి పసుపు వస్తుంది. లేకపోతే ఊదా ఊదాగానే ఉండిపోతుంది. తర్వాత మిషన్‌లో పెట్టి లెక్క చూస్తాం గానీ, అసలు సంగతి కంటికే తెలిసిపోతుంది.

పక్కన ఎప్పుడూ విటమిన్ సి కలిపిన ట్యూబు ఒకటి పెడతాం. అది పసుపు అయి తీరాలి. అది కూడా కాలేదంటే లోపం మన మందులోనో మన చేతిలోనో ఉన్నట్టు. అది పసుపై, సారం కలిపింది ఊదాగానే ఉంటే, లోపం సారంలో ఉన్నట్టు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ ల్యాబులో నాకు సీనియర్ రేవతక్క. వాళ్ళది బంగారుపాళ్యం దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి మునెమ్మ కామెర్లు వచ్చినవాళ్ళకు ఆకు మందు ఇస్తుంది. వాళ్ళకున్న చిన్న మామిడి తోపులో, వానలు పడగానే చెట్ల కింద నేల ఉసిరి మొలుస్తుంది. మునెమ్మ మందు అదే.

నేల ఉసిరి ఎక్కడైనా మొలిచే కలుపు మొక్క. దాని మీద పరీక్షలు చేసినవాళ్ళు కొల్లలు. రేవతక్క పట్టుకున్నది వేరే. ఎండలో గట్ల మీద మొలిచినదానికీ, మామిడి నీడలో మొలిచినదానికీ తేడా ఉందని ఆమె చూసింది. నీడలో మొలిచిన ఆకు సారం చుక్క వేస్తే చాలు, ఊదా రంగును మింగేసేది. ఆ తేడా నిజమేనని తేల్చడానికి ఏళ్ళ తరబడి ఎండా వానా అనకుండా తోపులన్నీ తిరిగింది. మనిషి నల్లబడిపోయింది, నేను చేరేటప్పటికి కట్టె పుల్లలా ఉండేది.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. ఆకు కోసే ముందు, నీడనిచ్చే మామిడి కొమ్మకు పసుపు దారం కట్టి, ఎవరి కోసం కోస్తున్నారో పేరు చెప్పాలి. జబ్బు నయమయ్యాక, కట్టినవాళ్ళే వచ్చి ఆ దారం విప్పాలి. పేరు చెప్పకుండా కోస్తే ఆకు పనిచెయ్యదని మునెమ్మ నమ్మకం. అక్క ల్యాబు కోసం కోసేటప్పుడు కూడా దారం కట్టి, "డిపార్ట్‌మెంటు కోసం" అని చెప్పేది. "రూము నంబరు కూడా చెప్పక్కా, పాపం దారి తప్పుతుంది" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆమె కూడా నవ్వేది. అమ్మ మాట తీసెయ్యలేక చేస్తున్నానని చెప్పేది.

మా ఇద్దరికీ గైడ్ ఒకరే. పేరు వద్దు, సారు అనే అంటాను. ఆయన మేనల్లుడు ఒకడు మా ల్యాబులోనే చేరాడు. వచ్చిన కొత్తలో చుక్కలు కొలిచి వేసే పిపెట్‌ను తలకిందులుగా పట్టుకున్న మహానుభావుడు. రేవతక్క తన పనంతా పేపరుగా రాసి సారు చేతికిచ్చింది. కొన్ని నెలలకు ఆయన టేబుల్ మీద అచ్చుకు వెళ్ళే కాపీ కనబడింది. మొదటి పేరు మేనల్లుడిది. చివరి పేరు సారుది. అక్క పేరు ఎక్కడా లేదు.

వెళ్ళి అడిగింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"వాడికి ఉద్యోగానికి పేపరు కావాలి తల్లీ. నీకేం తొందర? రేపు నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేనే కదా, నేను చూసుకుంటాలే" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో! వినేవాళ్ళకు ఆశీర్వాదంలా ఉంటుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క మాత్రం వచ్చి కడగాల్సిన ట్యూబులు కడుక్కుంది.

అప్పుడే చెన్నై నుంచి ఒక మందుల కంపెనీ వాళ్ళు ఈ ఆకు మీద ఆసక్తి చూపించారు. వచ్చి పరీక్ష కళ్ళారా చూస్తామన్నారు. దానికి తాజా ఆకు కావాలి. సారు మా ఇద్దరినీ బంగారుపాళ్యం పంపించాడు. పేరు లేకపోయినా చాకిరీ మాత్రం అక్కే చెయ్యాలి.

ఆ పొద్దున నాకు బాగా గుర్తుంది. రాత్రి వాన పడి తోపంతా తడిగా ఉంది. మామిడి కాయల కాలం చివర. మునెమ్మ గంప పట్టుకుని మా వెనకే వచ్చింది. అక్క కొమ్మకు పసుపు దారం చుట్టి, మూడు ముళ్ళు వేసింది. ఈసారి డిపార్ట్‌మెంటు అనలేదు. సారు పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ఈ ఆకు ఆయన కోసం కాదు, ఆయన మీద కోస్తాండా. ఎవురి చేతిలో పని చేసినా ఆయన చేతిలో మాత్రం చెయ్యొద్దు" అంది.

నేను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. మునెమ్మ గంప కింద పడేసింది.

"ఏం మాటే పాపా అది! ఆకుతో అట్ల సెప్పకూడదు. కట్టినోళ్ళే వచ్చి ఇప్పాల. ఇంకొకురు ఇప్పితే అది ఇడవదు, తెలుసునా నీకు?"

"ఇప్పుతాలేమ్మా" అంది అక్క. "పేపర్లో నా పేరు ఏసిన దినం నేనే వచ్చి ఇప్పుతా."

వారం తిరక్కుండానే అక్క చనిపోయింది. స్కూటీ మీద ఇంటికి పోతుంటే హైవే మీద, జ్యూస్ ఫ్యాక్టరీకి మామిడికాయలు తోలే లారీ గుద్దింది. ఇందులో వింతేమీ లేదు. ఆ కాలంలో ఆ రోడ్డు మీద అలాంటివి జరుగుతూనే ఉంటాయి. నేను దీన్ని దేనికీ ముడిపెట్టడం లేదు.

డిపార్ట్‌మెంటులో సంతాప సభ పెట్టారు. సారు దండ వేసి, "నా కూతురు లాంటిది" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నెల చివర్లో పేపరు అచ్చయ్యి వచ్చింది. చనిపోయిన పిల్ల పేరు చివర కృతజ్ఞతల్లో కూడా లేదు. హాస్టల్లో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ అయిపోయాయి. అంతకు మించి నేను చేసిందేమీ లేదు, నా థీసిస్ మీద సంతకమూ ఆయనదే మరి.

ఆ చివరిసారి కోసిన ఆకును ఎండబెట్టి సారం తీసింది నేనే. గోధుమరంగు సీసాలో పోసి, అక్క పేరు రాసిన చీటీ అంటించాను. పరీక్ష చేస్తే నిమ్మతొక్క రంగు పసుపు వచ్చింది. అంత చక్కటి రంగు అంతకు ముందెప్పుడూ చూడలేదు.

కంపెనీ వాళ్ళ ముందు తనే స్వయంగా చేసి చూపించాలని సారుకు ముచ్చట. ముందుగా ఒకసారి చేసి చూసుకుందామని ఒక మధ్యాహ్నం ల్యాబుకు వచ్చాడు. అదే సీసా, అదే మందు. బీరువా తెరిస్తే విటమిన్ సి ట్యూబు పసుపుగా ఉంది. అక్క సీసాలోది కలిపిన ట్యూబు పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే, ఊదాగా ఉంది.

"సారం పాడైపోయింది, సరిగ్గా దాచలేదు నువ్వు" అన్నాడు. నేను ఆయన ముందే, ఆయన వాడిన పిపెట్‌తోనే మళ్ళీ చేశాను. పసుపు. ఆయన చేశాడు. ఊదా.

అయినా పనికిమాలిన ఆలోచనలు పెట్టుకోకుండా, మాకు నేర్పినట్టే ఒక్కొక్కటీ మార్చి చూశాను. గ్లవ్స్ మార్పించాను. చేతులు సబ్బుతో కడిగించాను. మందు కొత్తగా కలిపించాను. ఆయన చేతులు వణుకుతున్నాయా, చుక్క కింద పడుతోందా అని పక్కనే నిలబడి కన్నార్పకుండా చూశాను. అన్నీ సరిగ్గానే చేస్తున్నాడు, మనిషి ఎలాంటివాడైనా చెయ్యి మాత్రం మంచి పనివాడి చెయ్యి. గట్ల మీద మొలిచిన నేల ఉసిరి సారం ఆయన చేత్తో వేస్తే పసుపయ్యింది. ఉసిరికాయ సారం పసుపయ్యింది. అక్క సీసా ఒక్కటే కాలేదు.

ఆఖరికి మేనల్లుడి చేత కూడా చేయించాం. పసుపు వచ్చింది. అందరికంటే వాడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

కంపెనీ వాళ్ళు వచ్చేశారు, ఇద్దరు పెద్దమనుషులు. ఆ రోజు సారు కొత్త తెల్లకోటు వేసుకున్నాడు. నవ్వుతూ కలిపాడు, నవ్వుతూ బీరువాలో పెట్టాడు, కాఫీలు తాగించాడు. తీసి చూస్తే ఊదా. నవ్వు పోయింది. వాళ్ళు నన్ను చెయ్యమన్నారు. పసుపు. మళ్ళీ ఆయన్ని చెయ్యమన్నారు. ఊదా. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని, తమిళం కలిసిన తెలుగులో, "ఎవరు చేసినా ఒకటే రావాలి కదా సార్. ఆ పాప చేస్తే వస్తాది, మీరు చేస్తే రాదంటే మేము ఏది నమ్మేది?" అన్నాడు. బ్యాగులు సర్దుకుని పోయారు, మళ్ళీ రాలేదు.

గుమ్మం దాటేదాకా కూడా సారు ఆగలేదు. "నువ్వే ఏదో కలుపుతున్నావు" అని నా మీద విరుచుకుపడ్డాడు. సీసా లాక్కుని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. మందు తనే తెచ్చుకున్నాడు, తలుపేసుకుని తనే కలిపాడు. చాలాసేపటికి బయటికొచ్చి సీసా నా టేబుల్ మీద పెట్టేశాడు. చేతిలో ట్యూబు ఊదాగా ఉంది. మేమంతా చూశాం. నేను కలపడానికి ఇంక అక్కడ ఏమీ లేదు.

అప్పుడు తోపులో అక్క అన్న మాట ఆయనకు చెప్పేశాను. చెప్పాలనిపించి చెప్పాను. ఆయన ముఖంలో రంగు మారడం చూడాలనిపించింది, చూశాను.

"చదువుకున్నదానివి, సిగ్గులేదా?" అన్నాడు. గొంతులో మాత్రం మునుపటి జోరు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సారు మంచం పట్టాడు. కామెర్లు. ట్యూబులో రాని పసుపు ఆయన కళ్ళలోకి వచ్చింది. కామెర్లు ఎవరికైనా వస్తాయి, ఆ ఏడు మా హాస్టల్లోనూ ఇద్దరికి వచ్చాయి. అందుకని దాన్ని కూడా నేను దేనికీ ముడిపెట్టను. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయి వైద్యం చేయించారు. తగ్గుముఖం పట్టింది గానీ నెమ్మదిగా.

ఆయన భార్య నెమ్మదస్తురాలు. ల్యాబు సంగతులేవీ ఆమెకు తెలియవు. ఎవరో బంగారుపాళ్యం దగ్గర ఆకు మందు ఇస్తారని చెబితే, డాక్టరు మందులతో పాటు అదీ ఇప్పిద్దామని కారేసుకుని వెళ్ళింది. అది రేవతక్క ఇల్లని ఆమెకు తెలియదు. వచ్చినావిడ ఎవరో మునెమ్మకూ తెలియదు. తర్వాత జరిగింది మునెమ్మే నాకు చెప్పింది.

మునెమ్మ పసుపు దారం తీసుకుని, పద్ధతి ప్రకారం, "ఎవురి కోసమమ్మా? ఇంటిపేరుతో సెప్పు" అని అడిగింది. ఆమె చెప్పింది. మునెమ్మ చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"ఈ తోపులో ఆకు ఆయప్పకు పని చెయ్యదు తల్లీ" అందట. "నా బిడ్డ కట్టి పోయింది. ఆడ సూడు, ఆ కొమ్మకే ఉండాది. దాని రెక్కల కష్టమంతా మీ ఇంటాయన ఇంకొకురి పేర రాసుకున్నాడు. అది మట్లోకి పోయినాక గూడా రాయలేదు. నేను ఆకియ్యను. ఇచ్చినా పని చెయ్యదు. నువ్వు మంచిదానిగా ఉండావు, ఆసుపత్రికే తీసకపో."

ఆ మేడమ్ తిన్నగా మా హాస్టల్‌కు వచ్చింది. నిజమా అని అడిగింది. నేను ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. సంతాప సభలో ఆయన కళ్ళు తుడుచుకున్న సంగతి కూడా చెప్పాను. ఆమె అంతా విని, తిన్నగా ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. సారు లేచి తిరగగలిగిన వెంటనే పత్రికకు తప్పు ఒప్పుకుంటూ రాశాడు. మేనల్లుడి పేరు తీసేశారు. సవరణ అచ్చయ్యింది. మొదటి పేరు రేవతక్కది. ఆ పేజీ తీసుకుని నేనే బంగారుపాళ్యం వెళ్ళి మునెమ్మకు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ఆ చోట అరచేయి ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత సారు, మేడమ్ ఇద్దరూ తోపుకు వస్తామన్నారు. దారి చూపించడానికి నేను వెళ్ళాను. కొమ్మకు దారం ఉంది. వానలకు పసుపంతా పోయి తెల్లగా మిగిలింది. దాన్ని విప్పుతానన్నాడు సారు. మునెమ్మ అడ్డు చెప్పలేదు.

"ఇప్పుకో స్వామీ, నాకేం కోపం లేదిప్పుడు. కానీ ఆ మాట నాది గాదు. నీతో పోదు, నాతోనూ పోదు" అంది.

ఆయన మూడు ముళ్ళూ విప్పాడు. దారం చేతిలో పట్టుకుని, అక్క పేరు చెప్పి, "నన్ను క్షమించమ్మా" అన్నాడు. అంత పెద్ద ప్రొఫెసరు తడి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మేడమ్ పక్కకు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు జాలి కలగలేదు. కలగాలేమోనని చూసుకున్నాను, కలగలేదు.

మర్నాడు పొద్దున ల్యాబులో నేను ముందు చేశాను. పసుపు. ఆయన చేశాడు. బీరువా తలుపు ఆయనే తెరిచాడు. విటమిన్ సి ట్యూబు పసుపు. పక్కది ఊదా.

ఆ ట్యూబును కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "పేరు వేశాను. దారం విప్పాను. ఇంకేం చెయ్యాలమ్మా?" అన్నాడు. నన్నే అడిగాడో, ట్యూబునే అడిగాడో తెలియదు.

"కట్టినోళ్ళే వచ్చి ఇప్పాల సార్" అన్నాను. మునెమ్మ మాటే.

ఇది జరిగి కొన్నేళ్ళయ్యింది. నా థీసిస్ మీద ఆయన సంతకం పెట్టాడు, నేను అక్కడే చిన్న ఉద్యోగంలో చేరాను. నాకంటే తెలిసినవాళ్ళను చాలామందిని అడిగాను. చెమటలో ఏదో ఉండొచ్చన్నారు, గ్లవ్స్ వేశాడు కదా అన్నాను. పిపెట్ అన్నారు, మందు అన్నారు, మనసులో భయం వల్ల చెయ్యి తప్పుతుందన్నారు. మరి విటమిన్ సి ట్యూబులో ఆ చెయ్యి ఎందుకు తప్పలేదో ఎవరూ చెప్పలేదు. సారం ఇన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఉంటే సత్తా పోవాలి, నా చేతిలో మాత్రం ఇప్పటికీ పసుపు అవుతుంది. ఇదీ నాకు అర్థం కాదు.

సారు రిటైరయ్యాడు. అయినా అప్పుడప్పుడూ వస్తాడు. విద్యార్థులు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని వచ్చి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి మెల్లగా అక్క సీసా ఉందా అని అడుగుతాడు.

ఉంది. ఇంకా అడుగున కొంచెం ఉంది. కావాలంటే లేదని చెప్పొచ్చు, ఆయన్ని ఊరికే పంపెయ్యొచ్చు. కానీ నేను ఒక్కసారి కూడా లేదనలేదు. అడిగిన ప్రతిసారీ ఫ్రిజ్ తెరిచి, సీసా తీసి ఆయన చేతికిస్తాను.